ఆలస్యంగా వచ్చిన చూపు

అమారో పశేకో వంటగది మధ్యలో రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. దియొలిండా అతని చుట్టూ తిరుగుతూ కోటు పక్కల్లో గుండుసూదులు గుచ్చుతోంది. పెదవుల మధ్య మరికొన్ని సూదులు పట్టుకుని ఉంది కాబట్టి ఆమె మాట్లాడే స్థితిలో లేదు. మాట్లాడే పనంతా కిటికీ పక్కన కూర్చున్న ఆమె అక్క నటాలియాదే.

"మరీ పుల్లలా అయిపోయారు అమారో. మీ ఆవిడ రోజా పోయాక ఒక్క పూటైనా కడుపునిండా తిన్నారా అసలు?"

"తింటూనే ఉన్నానండీ. వండేది కూడా నేనే కదా, అందుకే ఒంటబట్టడం లేదు."

నటాలియా నవ్వింది. తల కాస్త వెనక్కి వాల్చి, కుడిచేతి వేళ్లు గొంతు మీద ఆనించి నవ్వడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇరవయ్యేళ్ల వయసులో ఆ వేళ్లు మెడ అందాన్ని చూపించడానికి అక్కడికి వెళ్లేవి. డెబ్బై దాటాక ఆ మెడను కప్పడానికి వెళుతున్నాయి. నవ్వు మాత్రం మారలేదు.

ఇందాక మెట్ల మీద అమారో అడుగుల చప్పుడు వినగానే ఆమె లేచి అద్దం దగ్గరకెళ్లి పెదవులకు రంగు వేసుకుంది. అతని కుడి మోకాలు బిగుసుకుపోయింది. ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా పడుతుంది. ఈ మధ్య ఆ చప్పుడు ఆ మూడంతస్తుల కొయ్య ఇంటి మెట్ల మీద తరచుగా వినబడుతోంది. ఓసారి ప్యాంటు అంచు మడతపెట్టించుకోవడానికి వచ్చాడు. ఓసారి చొక్కా గుండీలు ఊడాయని వచ్చాడు. తరవాత స్వెటర్ గుండీలు. ఇప్పుడు కోటు. నలభై ఏళ్లు రొట్టెల బట్టీ దగ్గర నిలబడి పనిచేసిన మనిషి. చేతుల మీద పాత కాలిన మచ్చలున్నాయి. చెవులు అప్పుడూ ఇప్పుడూ పెద్దవే.

దియొలిండా మోకాళ్ల మీద కూర్చుని కోటు అంచు చూస్తోంది. పక్క వాటం సరిచూడ్డానికి చాక్ ముక్కతో గీత గీసి, అతని చెయ్యి కొంచెం కిందికి దించింది. అమారో తల వంచుకుని కిందికే చూస్తున్నాడు. మాట్లాడుతున్నది నటాలియాతోనే, చూపు మాత్రం పైకి రావడం లేదు. 'ఇంత వయసొచ్చినా నా మొహంలోకి చూడ్డానికి సిగ్గే' అనుకుంది నటాలియా. ఆ ఆలోచన ఆమెకు వెచ్చగా అనిపించింది.

"మీరు ఆదివారం క్లబ్బులో డాన్సుకు వస్తారు కదా?" అడిగాడు అమారో. అడిగి, ఎందుకో గొంతు సవరించుకున్నాడు.

దియొలిండా నోట్లోంచి సూదులు తీసి సూదుల దిండులో గుచ్చింది. "నాకు అక్కడ వంటగదిలో పనుంది. మలసాదా బూరెలు వేయించడానికి ఒప్పుకున్నాను" అంది, కోటుకేసి చూస్తూనే.

"వస్తాం, ఎందుకు రాం?" అంది నటాలియా. "ఉపవాసకాలం మొదలైతే ఇక నలభై రోజులు కాలు కదపడానికి లేదు. తప్పకుండా వస్తాను."

అతను వెళ్లిపోయాక నటాలియా లోపలికి వెళ్లి బీరువాలోంచి నీలం పట్టుగౌను తెచ్చి కుట్టుమిషను మీద పరిచింది.

"దీన్ని వదులు చెయ్యగలవా?"

దియొలిండా గౌను తిరగేసి లోపలి కుట్లు వేళ్లతో తడిమి చూసింది. "లోపల గుడ్డ లేదక్కా. పోయినసారే అంతా విప్పేశాను."

"ఎలాగో ఓలా చూడవే."

"చంకల కింద ముక్కలు వేస్తాను. చెయ్యెత్తితే తప్ప కనబడవు."

"డాన్సులో చెయ్యెత్తకుండా ఎలా?"

"ఎత్తు. చూసేవాళ్లు మరీ చంకల్లోకి చూడర్లే."

"మగాళ్లు ఎక్కడ చూస్తారో నీకేం తెలుసే!" అని నవ్వింది నటాలియా.

"నాకేం తెలుసు" అంది దియొలిండా. చిన్న కత్తెర తీసుకుని కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

నటాలియా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "నిజం చెప్పు. అతను నాకోసమే వస్తున్నాడని నీకనిపించడం లేదూ?"

కత్తెర ఆగింది. "ఏమోనక్కా."

"ఏమోనేంటి? ఒక్క మనిషి ఒంటిమీద అన్ని గుండీలు ఊడతాయా? కుర్రాడిగా ఉన్నప్పుడు నాకోసం ఇదే కిటికీ కింద మంచులో నిలబడ్డాడు, గుర్తుందా? చెవులు ఎర్రగా టమాటాల్లా అయ్యాయి. నాకు నవ్వాగక కర్టెన్ వేసేశాను."

"గుర్తుంది. కాఫీ పట్టుకెళ్లింది నేనే."

"అవునా? నాకు గుర్తే లేదు."

"నీకెందుకు గుర్తుంటుంది" అంది దియొలిండా, దారం ముక్కలు ఒళ్లోంచి దులుపుకుంటూ. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని నటాలియా ఒక్క క్షణం చూసింది. చెల్లెలి మొహం గౌను మీదకి వంగి ఉంది, ఏమీ కనబడలేదు.

శుక్రవారం పొద్దున నటాలియా ఫిలొమీనా దగ్గరకు జుట్టుకు రంగు వేయించుకోవడానికి వెళ్లింది. ఫిలొమీనా వాళ్లమ్మ రోజుల నుంచీ అదే కొట్టు, అవే కుర్చీలు. మెడ చుట్టూ గుడ్డ కట్టి, పాయలు విడదీసి చూస్తూ ఫిలొమీనా కాస్త నసిగింది.

"ఈసారి కొంచెం లేతరంగు వేద్దామా నటాలియమ్మగారూ? మరీ నల్లగా వేస్తే మొహం ఇంకా…"

"ఇంకా?"

"అంటే, పాలిపోయినట్టుంటుంది. ఇప్పుడు మీ వయసువాళ్లంతా బూడిదరంగే ఉంచేసుకుంటున్నారు. హుందాగా ఉంటోంది."

"హుందాతనం నాకొద్దులేవే. నల్లరంగే వెయ్యి."

ఫిలొమీనా నవ్వి రంగు కలపడం మొదలుపెట్టింది. బ్రష్షు మెత్తగా, చల్లగా మాడు మీద కదులుతోంది. "మా అమ్మ చెప్పేది. మీరు వీధిలో నడిచొస్తుంటే మిల్లు కిటికీలన్నీ తెరుచుకునేవట."

"తెరుచుకునేవట అంటావేంటే? తెరుచుకునేవి."

"అదేలెండి" అంది ఫిలొమీనా.

ఆ 'ట' నటాలియాను గంటసేపు వదల్లేదు. రంగు కడిగి, జుట్టు ఆరబెట్టి, ఉంగరాలు తిప్పి, ఫిలొమీనా చిన్న అద్దం పట్టుకుని వెనకవైపు చూపించింది. వెనకనుంచి బాగుంది. వెనకనుంచి చూస్తే ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరైనా కావచ్చు, ముప్పయ్యేళ్ల మనిషి కూడా కావచ్చు. నటాలియా ఆ అద్దాన్ని మరికాసేపు అలాగే పట్టుకోమంది.

బయట రోడ్డు బాగాలేదు. రాత్రి పడిన మంచు పగటి ఎండకు సగం కరిగి బురదలా ఉంది. ఆమె కండువా కప్పుకోలేదు, జుట్టు నలుగుతుందని. కోటు మెడ దగ్గర ఒక గుండీ వదిలేసి, నడుము నిటారుగా పెట్టి చేపల కొట్టు ముందుకు వచ్చింది. కొట్టు గోడ వారగా ఎండలో ముగ్గురు ముసలివాళ్లు నిలబడి ఉన్నారు. అందులో ఎవుజేబియో ఒకడు. ఒకప్పుడు ఆమె మిల్లు నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు ఈలవేసి, తరవాత టోపీ తీసి క్షమాపణ చెప్పేవాడు. మర్నాడు మళ్లీ ఈలవేసేవాడు.

ఆమె దగ్గరకు రాగానే వాళ్లు మాటలాపారు. నటాలియా గడ్డం కాస్త పైకెత్తింది. అప్పుడు తెలిసింది, వాళ్ల చూపులు ఆమె మొహం మీద లేవు. ముగ్గురూ ఆమె పాదాలకేసి చూస్తున్నారు, ఎక్కడ జారిపడుతుందోనని.

కొట్టులోంచి పెట్టె మోసుకొస్తున్న కుర్రాడు దాన్ని గబుక్కున కిందపెట్టి పరిగెత్తుకొచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "జాగ్రత్త అమ్మమ్మా. ఇటు రండి, ఇక్కడ ఉప్పు చల్లాం." అందమైన కుర్రాడు. దట్టమైన కనుబొమలు. ఎంతో దయగా నవ్వాడు. పసిపిల్లను దాటించినట్టు ఆమెను కాలవ దాటించి, అవతలి గట్టుమీద నిలబెట్టి, "చలికి తలమీద ఏదైనా కప్పుకోండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

అతన్ని తిట్టడానికి ఏమీ లేదు. ఆమె సంచిలోంచి కండువా తీసి కొత్తగా వేయించుకున్న ఉంగరాల మీంచి తలకు కట్టుకుంది.

ఇంటికొచ్చాక దియొలిండా అడిగింది. "జుట్టేది, చూడనీ. అయ్యో, కండువా కట్టి నలిపేశావే."

"చలేసింది" అంది నటాలియా.

శనివారం మధ్యాహ్నం దియొలిండా మలసాదాల పిండి కలిపి పెద్ద గంగాళంలో పెట్టి, మీద దుప్పటి కప్పి, హీటరు పక్కన ఉంచింది. తరవాత చేతులు కడుక్కుని అక్కకు గౌను తొడిగి చూసింది. నటాలియా బీరువా అద్దం ముందు నిలబడింది. తలనిండా రోలర్లు. దియొలిండా వెనక కొక్కేలు పెట్టి, భుజాల మీద గుడ్డ సరిచేసి, చుట్టూ తిరిగి చూసింది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"నిజం చెప్పవే."

"నడుం దగ్గర కొంచెం లాగుతోంది. ఊపిరి బిగబట్టకు. నువ్వు బిగబడితే అది ఇంకా లాగుతుంది."

నటాలియా ఊపిరి వదిలింది. అద్దంలో మనిషి ఒక్కసారిగా కిందికి జారినట్టయింది. దియొలిండా మోకాళ్ల మీద కూర్చుని అంచు దగ్గర కుట్టు విప్పుతోంది. అద్దంలో ఆమె తల మాత్రమే కనబడుతోంది. మధ్య పాపిడి, బూడిదరంగు జుట్టు వెనక్కి లాగి కట్టిన చిన్న ముడి.

"నువ్వేం వేసుకుంటున్నావ్ రేపు?"

"గోధుమరంగుది."

"ఆ చావింటి గౌనా?"

"ఉతికే ఉంది. వంటగదిలో ఎవరు చూస్తారు?"

అప్పుడే మెట్ల మీద ఆ అడుగులు వినబడ్డాయి. నటాలియా రెండు చేతులతో రోలర్లు కప్పుకుని, "నేనిలా ఉండగా లోపలికి రానివ్వకు!" అని గుసగుసగా అరిచింది. దియొలిండా లేచి తలుపు దగ్గరగా వేసి వంటగదిలోకి వెళ్లింది.

తలుపు వెనక నిలబడి నటాలియా విన్నది. కోటు తొడుక్కుంటున్న చప్పుడు. సరిపోయిందంటున్నాడు. తరవాత అతని గొంతు సన్నగా, తాపీగా ఏదో చెప్పుకుపోతోంది, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఆఖర్న దియొలిండా గొంతు కాస్త పైకి లేచింది.

"వద్దండీ. ఆ మాట మళ్లీ అనకండి."

దియొలిండా మెల్లగా ఇంకేదో చెప్పింది. అతను "సరే, మీరన్నట్టే చేస్తాను" అన్నాడు. అడుగులు మెట్లు దిగాయి.

"ఏంటట?" నటాలియా తలుపు తీసింది.

దియొలిండా గంగాళం మీది దుప్పటి తీసి, పొంగిన పిండిని పిడికిలితో అణుస్తోంది. "గుండీ మార్చమన్నాడు. కుదరదన్నాను."

"గుండీకి అంత గట్టిగా చెప్పాలా? పాపం."

దియొలిండా పిండిని ఇటు మడిచి అటు మడిచి నొక్కుతూనే ఉంది. ఇక నొక్కనక్కర్లేదని నటాలియాకు కూడా తెలిసేంతసేపు నొక్కింది.

ఆదివారం మధ్యాహ్నానికి క్లబ్బు హాలు నిండిపోయింది. అకార్డియన్ వాయించేవాడు, గిటార్లవాళ్లు ఇద్దరు వేదిక మీద కూర్చున్నారు. వేగిన పిండి, చక్కెర వాసన హాలంతా అలుముకుంది. నటాలియా నీలం గౌనులో గుమ్మంలోకి రాగానే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు "అబ్బ, ఎంత బాగున్నావే" అన్నారు. వాళ్లు అన్న తీరులో కష్టపడి వచ్చినందుకు మెచ్చుకోలు ఉంది. ఆమె దాన్ని పట్టించుకోదల్చుకోలేదు.

అమారో నేరుగా ఆమె దగ్గరకే వచ్చాడు. కోటు ఒంటికి అతికినట్టుంది. వంగి చెయ్యి చాచాడు. "ఈ వాల్ట్జ్ నాతో చేస్తారా?"

ఆమె లేచింది. ఆ ఒక్క నిమిషం, కుర్చీలోంచి లేచి నేల మధ్యకు నడిచిన ఆ ఒక్క నిమిషం, అంతా పాత రోజుల్లాగే ఉంది. గచ్చు మీద బూట్ల రాపిడి, మెత్తగా ఊగే పట్టుగుడ్డ, వీపు మీద మగవాడి అరచెయ్యి. అతని మోకాలి వల్ల వాళ్లు మిగతావాళ్లకన్నా కాస్త వెనకపడి తిరుగుతున్నారు.

"మీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు అమారో.

"చెప్పండి. ఇన్ని గుండీలు ఊడగొట్టుకున్నాక ఇంకా మొహమాటం ఎందుకు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీరు కనిపెట్టేశారన్నమాట. బ్లేడు పెట్టి నేనే కోసుకున్నాను. ఈ వయసులో ఇంకో దారి తోచలేదు. నిన్న అడిగేశాను. వద్దంది."

నటాలియా ఒక అడుగు తప్పింది. "ఎవరు?"

"లిండా" అన్నాడు అమారో. అందరూ దియొలిండా అనే పేరును అతను అంత చిన్నగా, అంత జాగ్రత్తగా పలికాడు. "మిమ్మల్ని వదిలి రాలేకే వద్దంటోందేమో. మీరు ఒక్క మాట చెబితే వింటుంది. మీరూ మాతోనే ఉండొచ్చు. నాకేమీ…"

అకార్డియన్ మోగుతూనే ఉంది. నటాలియా కాళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. నోరు తెరిస్తే ఏం వస్తుందో ఆమెకే తెలియలేదు. వచ్చింది మాత్రం ఇది:

"దానికి అరవై ఆరేళ్లు అమారో. అది ఎప్పుడూ అందంగా లేదు. నీ కళ్లకేమైంది?"

ఎప్పుడు 'నువ్వు'లోకి దిగిందో ఆమె గమనించుకోలేదు. అతనూ దిగాడు.

"నాకూ అప్పుడు అలాగే కనిపించింది నటాలియా. అప్పట్లో నా కళ్లకు అంతవరకే తెలుసు. నువ్వు వీధిలోకొస్తే వీధంతా చూసేది. వీధంతా చూసేదాన్ని నా పక్కన పెట్టుకుని నడవాలని ఉండేది, నన్నూ చూస్తారని." ఆమెను ఒక చుట్టు తిప్పి మళ్లీ అన్నాడు. "పోయినేడు రోజా మంచంలో ఉన్నప్పుడు చెయ్యెత్తలేకపోయేది. గౌను తొడగబోతే ఏడ్చేది. మీ చెల్లెలు ఆ గౌన్లన్నీ వెనకవైపు చీల్చి నాడాలు కుట్టి తెచ్చింది. తనే తొడిగింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో నాడా ముడేస్తుంటే రోజా అద్దం అడిగింది. ఎన్ని నెలల తర్వాతో అడిగింది. నేను తలుపు దగ్గర నిలబడి లిండా మొహంకేసి చూశాను. ఇంత అందమైన మొహం ఎక్కడా చూడలేదనిపించింది. పక్కన నా భార్య చావుబతుకుల్లో ఉండగా అలా అనిపించినందుకు నన్ను నేను చాలా తిట్టుకున్నాను. అయినా అనిపించడం ఆగలేదు."

పాట ఆగింది. అతను ఆమె చెయ్యి వదల్లేదు. "చెబుతావా?"

"చెబుతాను" అంది నటాలియా, చెప్పే ఉద్దేశం ఏ కోశానా లేకుండా.

హాలు వెనక వంటగదిలో దియొలిండా ఒక్కతే ఉంది. ఆఖరి వాయ వేయించడం అయిపోయి, మూకుడు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటోంది. గోధుమరంగు గౌను మీద కట్టిన ఏప్రన్ నడుము దగ్గర రెండు చుట్లు తిరిగింది.

"అయిపోయిందా డాన్సు?" అంది. "గౌను ఎక్కడా పిగల్లేదు కదా?"

"అతను నీ గురించి చెప్పాడు."

దియొలిండా తుడవడం ఆపింది. "చెప్పొద్దన్నాను. నిన్ను మొదట డాన్సుకు పిలవమని మాత్రమే చెప్పాను."

నటాలియా బల్ల అంచు పట్టుకుంది. "నువ్వు చెప్పావా పిలవమని?"

"అంత కష్టపడి గౌను వేసుకున్నావు కదా అని…"

హాల్లో ఇంకో పాట మొదలైంది. ఎవరో చప్పట్లు కొడుతున్నారు. నటాలియా అక్కడున్న చెక్క స్టూలు మీద కూలబడింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. నీలం గౌను నడుం దగ్గర లాగుతోంది, ఊపిరి సరిగా ఆడడం లేదు.

"నాకోసమే వద్దన్నావా?" అని అడిగింది చివరికి. అవునంటే ఎంతో కొంత మిగులుతుంది తనకు.

దియొలిండా తుడుపుగుడ్డను ఒక మడత మడిచింది. "నీకోసమే అని చెబితే నాకూ బాగుంటుంది. కాదక్కా."

"మరి?"

"ఆ రోజు కాఫీ పట్టుకెళ్లానన్నాను చూడు. అమ్మ దాచుకున్న పింగాణీ కప్పులో పోసుకుని వెళ్లాను. మంచులో వణికిపోతున్నాడు. తీసుకున్నాడు, తాగాడు, కప్పు తిరిగి నా చేతిలో పెట్టాడు. అంతసేపూ కిటికీ వైపే చూస్తున్నాడు. కప్పిచ్చింది నేనో, మా అమ్మో, గుమ్మంలో దీపస్తంభమో అతనికి తెలీదు. ఆ రోజు నేను జడలో రిబ్బను కట్టుకుని వెళ్లానక్కా."

నటాలియా గౌను మీద పడిన చక్కెర పలుకును గోటితో గీకింది.

"తర్వాత ఎన్నేళ్లు పట్టిందో తెలుసా, అద్దం చూడ్డం మానడానికి? జుట్టు దువ్వుకోవడానికి చూస్తాను, అంతే. ఇది బాగుందా, వీడికి నచ్చుతుందా, వాడు చూస్తాడా, ఆ యాతనంతా ఒక్కొక్క కుట్టే విప్పుకున్నట్టు విప్పుకున్నాను. ఇప్పుడొచ్చి నువ్వు అందంగా ఉన్నావంటాడు. ఎక్కడ? చూపించమను. ఈ మొహం పెట్టుకుని మళ్లీ మొదట్నించీ అద్దం ముందు నిలబడమంటావా నన్ను?"

ఆమె గొంతు పెంచలేదు. చేతిలో తుడుపుగుడ్డను చిన్నగా, ఇంకా చిన్నగా మడుస్తోంది.

నటాలియాకు తాను అమారోతో అన్న మాట గుర్తొచ్చింది. అది ఎప్పుడూ అందంగా లేదు. ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు అనలేదు, నవ్వుతూ, ముద్దుగా, పక్కింటివాళ్ల ముందు. ఆమె లేచి చెల్లెలి వెనక్కి వెళ్లి ఏప్రన్ ముడి విప్పింది.

"ఏం చేస్తున్నావ్?"

"వెళ్లు. ఒక్క డాన్సు. తర్వాత నీ ఇష్టం."

"నాకు రాదు. నేనెప్పుడు చేశాను?"

"అతనికీ రాదులే, కాలు బిగుసుకుపోయింది. నీ సంచీ నాకివ్వు."

నటాలియా సంచీ లాక్కుని గోడ వారనున్న కుర్చీల్లో, నల్లగౌన్ల విధవల మధ్య కూర్చుంది. దియొలిండా నేల మధ్యకు నడవడం, అమారో కుర్చీలోంచి లేవబోయి మోకాలు సహకరించక బల్ల పట్టుకుని లేవడం చూసింది. దియొలిండాకు ఎడంచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గాల్లో ఉంచింది. అమారో ఆ చేతిని తన భుజం మీద పెట్టుకున్నాడు, పెట్టుకుని ఆమెకు అలవాటయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. చుట్టూ జంటలు తిరుగుతున్నాయి. తరవాత వాళ్లూ మెల్లగా కదిలారు. దాన్ని డాన్సు అనడానికి లేదు, నిలబడ్డ చోటే అటూ ఇటూ ఒరగడం. అమారో కిందికి చూడ్డం లేదు. అతని చూపు ఎక్కడుందో నటాలియాకు స్పష్టంగా తెలుస్తోంది. అలాంటి చూపు ఆమె మీద ఎన్నడూ పడలేదు. కిటికీలన్నీ తెరుచుకున్న రోజుల్లో కూడా పడలేదు.

కాసేపటికి దియొలిండా కళ్లు మూసుకుంది.

పాట అయ్యాక ఆమె అతనితో ఏదో చెప్పింది. చాలా చిన్న మాట. అమారో ఆమె చేతిని రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను చెయ్యి వదిలేశాడు. వదిలేశాక ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొత్తగా బిగించిన కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఇంటికెళదాం అక్కా" అంది దియొలిండా.

వాళ్లు బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. మంచు బురద మళ్లీ గడ్డకడుతోంది. ఇద్దరూ చేతులు కలిపి పట్టుకుని, జారకుండా చిన్న చిన్న అడుగులేస్తూ కొండవాలు వీధి ఎక్కారు. మిల్లు గోడ మలుపు దగ్గర నటాలియా అడిగింది.

"ఏమన్నావు?"

"వద్దన్నాను."

"ఎందుకే? కళ్లు మూసుకున్నావు. నేను చూశాను."

దియొలిండా ఆగింది. ఎత్తు ఎక్కే వీధి కదా, ఊపిరి తీసుకోవడానికి ఆగిందనుకుంది నటాలియా.

"బాగుందక్కా" అంది దియొలిండా. "అతని చెయ్యి వీపు మీద వెచ్చగా ఉంది. ఇంత బాగుంటుందని నాకు తెలీదు. నువ్వెప్పుడూ చెప్పలేదు." కోటు మెడ దగ్గరకి లాక్కుంటూ అంది. "ఇంత బాగుంటుందని తెలిశాక, ఇన్నేళ్లూ లేకుండా బతికినదానికంతా కూర్చుని ఏడవాలి. అంత ఏడవడానికి నాకిప్పుడు ఓపిక లేదు. పోగొట్టుకున్నదేంటో తెలియనట్టే ఉంటే ఉండగలను."

"రేపు మళ్లీ వస్తాడు. గుండీ తీసుకుని వస్తాడు."

"రాడు. రావద్దన్నాను. దారం, సూది ఎవరిచేతనైనా పంపుతానన్నాను."

నటాలియా ఆమె వైపు తిరిగింది. వీధిదీపం అప్పుడే వెలిగింది. జీవితమంతా ఎవరో ఒకరు తనను చూస్తూనే ఉన్నారు కాబట్టి తాను ఎవరినీ చూడాల్సిన పని పడలేదు. ఈ మొహానికి ఎదురుగా కూర్చుని కొన్ని వేల పూటలు సూపు తాగింది, రొట్టె తిన్నది. ఇప్పుడు చూసింది. చలికి కందిన సన్నని ముక్కు. ఏళ్ల తరబడి సూదులు పట్టుకుని కింది పెదవి మీద పడిన చిన్న నొక్కు. కనురెప్పల చివర ఆగిపోయిన తడి. ఎవరి మెప్పూ అడగని నుదురు. అమారో చెప్పింది అబద్ధం కాదు. అది అక్కడే ఉంది, ఎప్పటినుంచో ఉంది. పదహారేళ్లప్పుడు రిబ్బను కట్టుకున్న రోజున కూడా ఉండే ఉంటుంది. ఎవరూ చూడలేదు. ఒకే మంచం మీద పడుకుని పెరిగిన తనే చూడలేదు.

ఆ మాట చెప్పాలని నటాలియా నోరు తెరిచింది. అలాగే చూస్తూ నిలబడిపోయింది.

"ఏంటలా చూస్తున్నావు?" అంది దియొలిండా కంగారుగా. చేతితొడుగు తీసి అరచేత్తో చెంప తుడుచుకుంది, తరవాత రెండో చెంప.

"ఏమన్నా అంటుకుందా?"